మూడో హెచ్చరిక దాకా ఆగకండి

మొన్న మా పక్క ఊరి వాగు చప్టా మీద ట్రాక్టర్ కొట్టుకుపోయింది. డ్రైవర్ కుర్రాడు తుమ్మచెట్టు పట్టుకుని రెండు గంటలు వేలాడి బతికాడు. అప్పటికి భద్రాచలంలో గోదారి వరదకు మొదటి హెచ్చరిక కూడా ఇవ్వలేదు.

అధికారులు మైకులో చెప్పేవి మళ్లీ చెప్పను. గోదారి పక్క ఊళ్లలో మనవాళ్లను ముంచేది ఒకే మాట: “మూడో హెచ్చరిక రానీ, అప్పుడు చూద్దాం.”

43 అడుగులకు మొదటిది, 48కి రెండోది, 53కి మూడోది. ఆ అడుగులు భద్రాచలంలో కొలిచేవి. మన ఊరి చప్టాకు ఆ లెక్క పట్టదు. గోదారి పెరిగితే వాగు నీళ్లకు దిగే దారి ఉండదు, ఎగపోటుకు వెనక్కి తన్నుకొస్తాయి. కూనవరం దగ్గర గోదారిలో కలిసే శబరి నది కూడా అంతే. మనం ఏటి వైపు చూస్తూ కూర్చుంటే నీళ్లు పెరటి వైపు నుంచి వస్తాయి, ఇంటికంటే ముందు రోడ్డును మింగేస్తాయి. దారి తెగాక మూడో హెచ్చరిక వచ్చినా ఎటు పోతాం?

2022 జులైలో భద్రాచలంలో 71.3 అడుగులు వచ్చింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 తర్వాత అంత వరద లేదు. మా వీధి చివరి ఇంట్లో వాళ్లు టీవీలో అడుగులు చూస్తూ ఆగారు. ఆఖరికి పెద్దాయనను నులకమంచం మీద పడుకోబెట్టి, ఛాతీ లోతు నీళ్లలో నలుగురు మోశారు. ఆయన మందుల సంచి ఇంట్లోనే ఉండిపోయింది.

కాబట్టి ముందు మీ చప్టా అంకె తెలుసుకోండి. భద్రాచలంలో ఎన్ని అడుగులుంటే మన రోడ్డు మునుగుతుందో ఊళ్లో పెద్దవాళ్లను అడిగి గోడ మీద రాయండి. ఆ అంకెకు చాలా ముందే కదలాలి. ఇక్కడ ఎండ కాస్తోందని ధీమాగా ఉండొద్దు. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి నదులు పొంగితే ఆ నీళ్లన్నీ మన మీదికే వస్తాయి. అంకె తెలిసినా వాగును నమ్మకండి. 2024 జులై 18న పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగి వేలేరుపాడు, కుక్కునూరు వైపు ఊళ్లను ముంచింది. గోదారి హెచ్చరికకూ దానికీ సంబంధమే లేదు.

నెలలు నిండిన ఆడవాళ్లను, మంచాన పడ్డవాళ్లను మొదటి హెచ్చరికకు ముందే పంపేయండి.

ఆధార్, పాసుపుస్తకం, మందులు ఒకే కవర్లో పెట్టి మూతి బిగించండి.

గొడ్లను కట్టేసి వెళ్లకండి. పలుపు విప్పితే ఈదుకుని మెరక చేరతాయి.

కరెంటు మెయిన్ ఆపండి.

గ్యాస్ బండకు రెగ్యులేటర్ తీసి, బండను కిటికీ ఊచకు కట్టండి. ఖాళీ బండ తేలిపోతుంది.

సామాను కాపలాకని ఇంట్లో ఎవరినీ వదలొద్దు. ఒక్కరిని కూడా.

నీళ్లు దిగాక బీరువా వెనక, బట్టల మూటల్లో చెయ్యి పెట్టకండి. పాములుంటాయి.

మునిగిన బోరు నీళ్లు తాగొద్దు.

చప్టా మీద నీళ్లు పారుతుంటే మోకాలు లోతే కదా అని బండి దించొద్దు. కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో పైకి కనబడదు.

మూడోది దాకా ఆగకండి. రెండోది దాకా కూడా ఆగకండి. పొద్దుండగానే బయల్దేరండి.