ఫౌండేషన్ చారలు పోవడానికి మార్చవలసింది బ్రష్‌నే: నా అనుభవం

చదునుగా, నాలుక ఆకారంలో ఉండే బ్రష్‌తో లిక్విడ్ ఫౌండేషన్ రాసుకున్న ప్రతిసారీ నా చెంపల మీద సన్నని చారలు పడేవి. గదిలో ట్యూబ్‌లైటు వెలుగులో కనిపించని ఆ చారలు ఎండలోకి వెళ్లగానే బయటపడేవి. ఫౌండేషన్ మార్చినా ఫలితం లేకపోవడంతో బ్రష్‌ను పరిశీలించాను. అది గోడకు సున్నం వేసే కుంచెలా ద్రవాన్ని ఒకే దిశలో లాగుతుందే తప్ప చర్మంతో కలపదు.

దాని స్థానంలో కుచ్చు ఒత్తుగా ఉండి, పైభాగం సమంగా కత్తిరించిన సింథటిక్ బఫింగ్ బ్రష్ తీసుకున్నాను. సహజ రోమాల బ్రష్‌లు ద్రవాన్ని పీల్చుకుంటాయి కనుక అవి పౌడరుకే తగినవి. సింథటిక్ పోగులు అంతగా పీల్చవు. బఠానీ గింజంత ఫౌండేషన్‌ను చేతి వెనుక వేసుకుని, బ్రష్ కొనలకు అద్దుకుని, ముఖం మధ్య నుంచి అంచులకు చిన్న చిన్న సున్నాలు చుడుతూ కలిపితే ఇప్పుడు చారలు పడటం లేదు. ముక్కు పక్కల పొడిబారిన చోట రుద్దితే పొట్టు లేస్తుంది కాబట్టి, అక్కడ మాత్రం తడిపి పిండిన స్పాంజితో అద్దుతున్నాను. పలుచని పూత చాలనుకునేవారికి స్టిప్లింగ్ బ్రష్ (చుక్కలు చుక్కలుగా అద్దే, పలుచని కుచ్చున్న బ్రష్) మేలే గానీ, మొటిమల మచ్చలున్న నా ముఖానికి అది సరిపోలేదు.

ఒత్తైన కుచ్చులో ఫౌండేషన్ త్వరగా పేరుకుంటుంది. అందుకే వారానికొకసారి బేబీ షాంపూతో కడిగి, పిడిలోకి నీరు దిగి జిగురు వదలకుండా, నిలబెట్టక పడుకోబెట్టి ఆరనిస్తున్నాను.