కంపెనీ కోళ్ల ఒప్పందంపై సంతకం పెట్టే ముందు చూసుకోవలసినవి

బ్రాయిలర్ కోళ్ల పెంపకంలో ఇంటిగ్రేషన్ పద్ధతి 1990లలో తమిళనాడులోని కోయంబత్తూరు, పల్లడం ప్రాంతాల్లో బలపడి, ఆ తరువాత తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ జిల్లాలకు విస్తరించింది. కోడిపిల్లలు, దాణా, మందులు, సూపర్‌వైజర్ కంపెనీవి కాగా, షెడ్డు, నీరు, కరెంటు, కింద పరిచే ఊక, కూలి ఖర్చు రైతువి. పిల్ల దిగిన రోజు నుంచి లారీ ఎక్కే రోజు వరకు కోడి కంపెనీ ఆస్తే. దాదాపు 40 రోజులు పెంచి ఇచ్చినందుకు రైతుకు బతికున్న కోడి బరువును బట్టి కిలోకు ఇంత అని పెంపకం ఛార్జీ అందుతుంది. మార్కెట్లో చికెన్ ధర పడిపోయినా రైతు నేరుగా నష్టపోడన్నది ఈ పద్ధతికి ఉన్న ఆకర్షణ, అందులో నిజం ఉంది కూడా. కానీ షెడ్డు కోసం తీసుకున్న బ్యాంకు అప్పు ఏళ్ల తరబడి సాగుతుంది, కంపెనీ మాట మాత్రం చాలా ఒప్పందాల్లో ఒక్క బ్యాచ్‌తో ముగుస్తుంది. ఒప్పందాన్ని చదివేటప్పుడు ముందుగా వెతకవలసింది ఈ తేడాను ఎవరి నెత్తిన పెట్టారన్నదే.

సంతకానికి ముందు ఒప్పందం పూర్తి ప్రతిని, అనుబంధాలతో సహా, తెలుగులో అడిగి ఇంటికి తెచ్చుకోవాలి. అసలు విషయమంతా తరచుగా అనుబంధంలోని రేట్ల పట్టికలోనే ఉంటుంది. ఆ పట్టికను "కంపెనీ ఎప్పటికప్పుడు నిర్ణయించిన మేరకు" మార్చుకోవచ్చని ఒక వాక్యం కనిపిస్తే, రైతు సంతకం చేస్తున్నది ఇంకా రాయని లెక్కకు అని అర్థం. కనీసం నడుస్తున్న బ్యాచ్ మధ్యలో రేట్లు మార్చకూడదని, మార్పును ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలని రాయించుకోవాలి.

తరువాత బ్యాచ్‌ల లెక్క వేయాలి. 5,000 పిల్లలు పట్టే షెడ్డులో 4 శాతం చనిపోయి, మిగిలిన 4,800 కోళ్లు సగటున 2.1 కిలోలు తూగాయనుకుంటే మొత్తం బరువు 10,080 కిలోలు. పెంపకం ఛార్జీ కిలోకు 6.50 రూపాయలు అనుకుంటే బ్యాచ్‌కు 65,520 రూపాయలు వస్తాయి, అందులోనే కరెంటు, ఊక, బ్రూడింగ్‌కు (తొలి రోజుల్లో పిల్లలకు వేడి అందించడానికి) బొగ్గు లేదా గ్యాస్, కూలి పోవాలి. 42 రోజుల పెంపకానికి 15 రోజుల విరామం కలిపితే ఏడాదికి ఆరు బ్యాచ్‌లు పడతాయి. మార్కెట్ బాగాలేదని కంపెనీ పిల్లలను ఆలస్యంగా దింపి విరామాన్ని 30 రోజులు చేస్తే ఐదే పడతాయి. బ్యాంకు కిస్తీ మాత్రం నెల నెలా కట్టవలసిందే. అందువల్ల ఏడాదికి కనీసం ఎన్ని బ్యాచ్‌లు ఇస్తారో, విరామం ఇన్ని రోజులు దాటితే ఖాళీ షెడ్డుకు ఎంత చెల్లిస్తారో ఒప్పందంలో ఉండాలి. ఈ షరతుకు కంపెనీలు సులభంగా ఒప్పుకోవు. ఒప్పుకోకపోతే, ఏడాది కిస్తీలను నాలుగైదు బ్యాచ్‌ల ఆదాయంతోనే కట్టగలమా అని చూసుకున్నాకే షెడ్డు కట్టాలి.

ఛార్జీ ఎంత అన్నదానికన్నా అది ఎలా కోతకు గురవుతుందన్నది ముఖ్యం. కంపెనీ తన పిల్ల ధర, దాణా ధర, మందుల ధర వేసుకొని కిలో కోడికి ఉత్పత్తి ఖర్చు ఎంతైందో తేలుస్తుంది. తాను నిర్ణయించిన ప్రామాణిక ఖర్చు కంటే అది తగ్గితే ప్రోత్సాహకం ఇస్తుంది, పెరిగితే ఛార్జీలో కోస్తుంది. ఈ లెక్కకు ఆయువుపట్టు ఎఫ్‌సీఆర్, అంటే కిలో బరువు పెరగడానికి కోడి తిన్న దాణా. పైన చెప్పిన బ్యాచ్‌కు 50 కిలోల సంచులు 333 వచ్చాయనుకుందాం. దాణా మొత్తం 16,650 కిలోలు, ఎఫ్‌సీఆర్ 1.65. ఒక్కో సంచిలో కిలో తక్కువ ఉంటే కోళ్లు నిజంగా తిన్నది 16,317 కిలోలే కాబట్టి అసలు ఎఫ్‌సీఆర్ 1.62 అవుతుంది. రాని ఆ 333 కిలోలను కిలో 40 రూపాయల చొప్పున లెక్కలో వేస్తే ఉత్పత్తి ఖర్చు కిలో కోడికి 1.32 రూపాయలు పెరుగుతుంది. ఆరున్నర రూపాయల ఛార్జీ మీద ఆధారపడిన మనిషికి ఇది చిన్న మొత్తం కాదు. దాణా దిగిన ప్రతిసారీ పది సంచులు ఎంచి తూచి, తరుగు ఉంటే డెలివరీ చలానా మీదే రాసి డ్రైవర్ చేత సంతకం చేయించాలి. ఆ పది సంచులను ఎంచేది రైతు కావాలి, డ్రైవర్ చేతికి అందినవి కాకూడదు. బ్యాచ్ చివర మిగిలిన దాణాను తిరిగి ఇచ్చేటప్పుడు కూడా తూకం, రశీదు తప్పనిసరి.

కోళ్ల తూకం దగ్గర నష్టం రెండు వైపులా కోస్తుంది, ఎందుకంటే బరువు తగ్గితే ఛార్జీ తగ్గడమే కాక ఎఫ్‌సీఆర్ కూడా చెడుతుంది. తూకం షెడ్డు దగ్గరే జరగాలని ఒప్పందంలో ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా పడాలి, ఆ ముద్ర తేదీని రైతు అడిగి చూడవచ్చు. సొంత తూకపు రాయి ఒకటి దగ్గర పెట్టుకొని, లిఫ్టింగ్ (కోళ్లను పట్టి లారీకి ఎక్కించడం) మొదలయ్యే ముందు, మధ్యలో, చివర కాటా మీద పెట్టి చూడడం మంచి పద్ధతి. రాత్రి రెండు గంటలకు లైట్లు ఆర్పి కోళ్లను పడుతున్న హడావుడిలో ఇది కాటా దగ్గరి వాళ్లకు విసుగు తెప్పించినా మానకూడదు. ఖాళీ ట్రేల బరువును ఊహించి తీసివేయనివ్వకూడదు, ప్రతి లాటు ముందు తూయించాలి. లారీ వస్తుందని దాణా ఆపించి, అది ఆరేడు గంటలు ఆలస్యమైతే కోడి బరువు కోల్పోతూనే ఉంటుంది. ఆ నష్టం కంపెనీదని రాయించాలి, వీలుకాకపోతే దాణా ఆపమని చెప్పిన సమయాన్ని, లారీ వచ్చిన సమయాన్ని సూపర్‌వైజర్‌కు అప్పటికప్పుడు వాట్సాప్‌లో పంపి ఆధారంగా ఉంచుకోవాలి.

లిఫ్టింగ్ తేదీ మీద కూడా పట్టు ఉండాలి. ధర బాగున్నప్పుడు ముందే తీసుకుపోతే కిలోలు తగ్గుతాయి. ధర పడినప్పుడు 47, 48 రోజుల దాకా వదిలేస్తే కోడి తిన్నంత పెరగదు, ఏప్రిల్, మే నెలల్లో ఆ బరువు కోళ్లు వడదెబ్బకు ముందుగా రాలిపోతాయి. ఇన్ని రోజులు దాటాక జరిగే మరణాలను, అదనపు దాణాను రైతు లెక్కలో వేయరాదన్న వాక్యం కావాలి.

పిల్లల నాణ్యత రైతు చేతిలో లేని విషయం. దిగిన రోజే పెట్టెలు లెక్కించి, చచ్చినవాటిని, కుంటివాటిని వేరు చేసి, కొన్ని పెట్టెలు తూచి ఫోటోలు తీయాలి. మొదటి వారపు మరణాలు ఒప్పుకున్న శాతం దాటితే అవి కంపెనీ ఖాతాలోకి పోవాలి. బ్రూడింగ్‌లో వేడి సరిగా లేదని సూపర్‌వైజర్ అనకుండా ఉండాలంటే పిల్ల ఎత్తులో థర్మామీటరు కట్టి, రోజుకు మూడుసార్లు ఉష్ణోగ్రత రిజిస్టరులో రాసి, ఆయన వచ్చినప్పుడల్లా సంతకం తీసుకోవాలి.

బర్డ్ ఫ్లూ సంగతి వేరుగా చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో కోళ్లను చంపి పూడ్చవలసి వచ్చింది. ఇలా చంపిన కోళ్లకు ప్రభుత్వ పరిహారం ఉంటుంది. ఇంటిగ్రేషన్‌లో కోడి కంపెనీది కాబట్టి ఆ డబ్బు మీద హక్కు కంపెనీ అడుగుతుంది, అప్పటిదాకా పెంచిన కష్టం, నెలల తరబడి ఖాళీగా ఉండే షెడ్డు మాత్రం రైతువి. పరిహారంలో రైతు వాటా ఎంతో ముందే రాసుకోవాలి.

ఇక ఖాళీ చెక్కులు. హామీ కోసం సంతకం చేసిన చెక్కులు రెండు మూడు అడగడం చాలా చోట్ల మామూలైపోయింది. సంతకం చేసి ఖాళీగా ఇచ్చిన చెక్కును తరువాత అవతలివారు నింపుకున్నా, అది బాకీ కోసమే ఇచ్చినట్లు చట్టం భావిస్తుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. కాదని నిరూపించే భారం చెక్కు ఇచ్చినవారిదే. చెక్కు చెల్లకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఇవ్వక తప్పకపోతే మొత్తం రాసి, చెక్కు నంబరుతో "హామీ కోసం మాత్రమే" అన్న ఉత్తరం జతచేసి, అందినట్లు కంపెనీ ముద్ర వేయించుకోవాలి.

వివాదాల విషయంలో కేంద్రం నుంచి ప్రత్యేక రక్షణ ఏదీ మిగలలేదు. 2020లో వచ్చిన కాంట్రాక్టు సాగు చట్టం 2021 చివరలో మిగతా రెండు సాగు చట్టాలతో పాటు రద్దయింది. అందువల్ల ఎక్కువగా 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దిక్కు. అది పనికిరానిదేమీ కాదు. ఒప్పందంలో ఎంత పెద్ద జరిమానా రాసినా, దాని 74వ సెక్షన్ ప్రకారం న్యాయమైన పరిహారం మేరకే వసూలు చేయగలరు. మధ్యవర్తిని కంపెనీ ఎండీ ఒక్కడే నియమిస్తాడన్న షరతు ఉంటే, వివాదంలో ప్రయోజనం ఉన్న వ్యక్తి ఏకైక మధ్యవర్తిని నియమించడానికి వీల్లేదని కోర్టులు స్పష్టం చేశాయి కాబట్టి దాన్ని ప్రశ్నించవచ్చు. మధ్యవర్తిత్వం జరిగే చోటు చెన్నైలోనో ముంబైలోనో కాక రైతు జిల్లాలో ఉండేలా చూసుకోవాలి. దూరం చూసే చాలామంది హక్కు వదులుకుంటారు.

ఒంటరిగా అడిగితే ఈ షరతుల్లో సగం కూడా నెగ్గవు. ఒకే కంపెనీకి పెంచుతున్న చుట్టుపక్కల రైతులు ప్రతి బ్యాచ్ సెటిల్‌మెంట్ షీట్లను (కంపెనీ లెక్క తేల్చి ఇచ్చే పత్రాలను) పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే వారంలో దిగిన పిల్లలకు ఎవరి ఎఫ్‌సీఆర్ ఎంత వేశారో, ఎవరికి దాణా ఏ ధరకు కట్టారో బయటపడుతుంది. అమెరికాలో బ్రాయిలర్ రైతులకు కంపెనీలు ఇలాంటి వివరాలు వెల్లడించాలని వ్యవసాయ శాఖ 2023లో నిబంధన తెచ్చింది, ఇక్కడ ఆ పని రైతులే చేసుకోవాలి. కంపెనీ మారదలచినవారు షెడ్డులో కోళ్లు లేని విరామంలోనే రాతపూర్వక నోటీసు ఇచ్చి, తుది లెక్క తేల్చుకొని, బాకీ లేదన్న పత్రంతో పాటు ఇచ్చిన చెక్కులన్నీ నంబర్ల వారీగా వెనక్కి తీసుకున్న తరువాతే కొత్త కంపెనీ పిల్లలను దింపుకోవాలి.