చిన్న ద్వీపదేశపు అధ్యక్ష ఎన్నికపై వికీపీడియా వ్యాసాన్ని సమీక్షించడం ఎలా?

పెద్ద దేశాల ఎన్నికల మీద వ్యాసం రాస్తే చదివేవాళ్లు ఎక్కువ. ఒక అంకె తప్పు పడినా ఎవరో ఒకరి కంట పడుతుంది. పసిఫిక్ సముద్రంలోని కిరిబాటి 33 దీవుల దేశం, జనాభా సుమారు 1.2 లక్షలు. అలాంటి దేశం గురించి రాసిన వ్యాసాన్ని, రాసిన వాడుకరి తరువాత, మొదటి నుంచి చివరి దాకా చదివేది సమీక్షకులు ఒక్కరే కావచ్చు. మీరు వదిలేసిన తప్పు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. దాన్ని చూసి ఇంకెవరో ఇంకోచోట ఎక్కిస్తారు. కాబట్టి ఈ పనికి ఒక పూట తీరిక చేసుకోండి. 2020 జూన్ 22న కిరిబాటిలో జరిగిన అధ్యక్ష ఎన్నిక మీద తెలుగు వికీపీడియాలో ఒక వ్యాసం సమీక్షకు వచ్చిందనుకుందాం.

1. ముందు ఎన్నిక పద్ధతి తెలుసుకోండి

వ్యాసం తెరవకముందే, ఆ దేశ రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుణ్ణి ఎలా ఎన్నుకుంటారో చూసి నాలుగు ముక్కల్లో రాసిపెట్టుకోండి. నా అనుభవంలో పెద్ద తప్పులు దొరికేది ఇక్కడే. ఒక దేశపు వ్యాసాన్ని నమూనాగా పెట్టుకుని మరో దేశానిది రాసేటప్పుడు, తెలియకుండానే మొదటి దేశపు పద్ధతి కూడా వెంట వచ్చేస్తుంది.

మాల్దీవుల్లో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య రెండో విడత పోలింగ్ ఉంటుంది. 2023లో సెప్టెంబరు 9న తేలక, 30న మళ్లీ ఓటేశారు. కిరిబాటిలో అధ్యక్ష పదవికి రెండో విడత లేదు, ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వారే అధ్యక్షులు. 2003 జూలైలో అనోటె టోంగ్ 47.4 శాతం ఓట్లతోనే గెలిచారు. అయితే అదే కిరిబాటిలో పార్లమెంటు స్థానాలకు రెండో విడత ఉంది, 2020 ఏప్రిల్‌లో జరిగింది కూడా. ఈ రెండు ఎన్నికలనూ కలిపేసి రాసిన వాక్యం వ్యాసంలో ఉందేమో వెతకండి. ఇక తరతరాలుగా తెలుగువాళ్లున్న మారిషస్ సంగతి మరీ వేరు. అక్కడ అధ్యక్షుడికి ప్రజలు ఓటే వేయరు, జాతీయ సభ ఎన్నుకుంటుంది.

కిరిబాటి పార్లమెంటు పేరు మనేబా ని మౌంగటబు. మనేబా అంటే ఊరంతా కూర్చుని మాట్లాడుకునే చావిడి. అధ్యక్ష పదవికి ఎవరు పోటీ చేయాలో ఈ సభే తన సభ్యుల్లోంచి నిర్ణయిస్తుంది. బయటివాళ్లు నామినేషన్ వేయడానికి వీల్లేదు. అభ్యర్థులు ముగ్గురికి తగ్గకుండా, నలుగురికి మించకుండా ఉండాలని రాజ్యాంగం చెబుతుంది. 2020 ఫలితాల పట్టికలో మాత్రం ఇద్దరే కనిపిస్తారు. ఇది ఎలా జరిగిందో వ్యాసం చెప్పకపోతే చదివేవారికి ఏది తప్పో తెలియదు. పద్ధతిని ముందే రాసిపెట్టుకున్న సమీక్షకుడికే ఈ ప్రశ్న తడుతుంది.

2. ప్రతి అంకెనూ మీరే లెక్కకట్టండి

2020లో, అప్పటికి పదవిలో ఉన్న అధ్యక్షుడు టానెటి మామావుకు 26,053 ఓట్లు, ప్రత్యర్థి బనువెరా బెరినాకు 17,866. కూడితే 43,919. భాగించి చూస్తే 59.32, 40.68 శాతం, తేడా 8,187 ఓట్లు. రెండు నిమిషాల పని. ఇప్పుడు ఆ అంకెలు ప్రవేశికలో (వ్యాసపు మొదటి పేరాల్లో), సమాచారపెట్టెలో (పక్కన ముఖ్య వివరాలు చూపే పెట్టెలో), ఫలితాల పట్టికలో ఒకేలా ఉన్నాయా చూడండి. చాలాసార్లు ఉండవు, ఎందుకంటే మొదట రాసినప్పుడు పాక్షిక ఫలితాలు వేసి, తరువాత పట్టిక ఒక్కటే సరిచేస్తారు.

శాతం దేనిమీద తీశారో కూడా అడగండి. చెల్లిన ఓట్ల మీదా, పోలైన మొత్తం ఓట్ల మీదా? చెల్లని ఓట్లను కలిపితే శాతాలు కొంచెం తగ్గుతాయి. పెద్ద దేశంలో ఆ తేడా మనకు కనిపించదేమో గానీ చిన్న దేశంలో కథే మారిపోతుంది. 2015 డిసెంబరులో సీషెల్స్ అధ్యక్ష ఎన్నికలో జేమ్స్ మిషెల్‌కు 31,512 ఓట్లు, వావెల్ రాంకలవాన్‌కు 31,319. అంటే 193 ఓట్ల తేడాతో 50.15 శాతం. దాన్ని ఎవరైనా కుదించి 50 అని రాస్తే, సగానికి మించి రావాలన్న నియమం పక్కన ఆ గెలుపే అర్థం కాదు. అందుకే దశాంశాలు తీసేయనివ్వకండి.

3. తేదీలు

కిరిబాటి రాజధాని టరావాలో 22 ఉదయం పోలింగ్ మొదలయ్యేసరికి వాషింగ్టన్‌లో ఇంకా 21వ తేదీయే. అమెరికా పత్రికను మూలంగా తీసుకున్నచోట తేదీ ఒకరోజు వెనక్కి జరిగి ఉండవచ్చు. స్థానిక తేదీయే వ్యాసంలో ఉండాలి.

ఇంకో చిక్కు 2003తో వస్తుంది. ఆ ఏడాది కిరిబాటిలో అధ్యక్ష ఎన్నిక రెండుసార్లు జరిగింది. ఫిబ్రవరిలో టెబురోరో టిటో గెలిచారు. మార్చి 28న అవిశ్వాస తీర్మానం నెగ్గడంతో ప్రభుత్వం పడిపోయి, పార్లమెంటు రద్దయింది. జూలై 4న మళ్లీ జరిగిన ఎన్నికలో అనోటె టోంగ్ సొంత అన్నదమ్ముడు హ్యారీ టోంగ్ మీదే 1,099 ఓట్ల తేడాతో గెలిచారు. నెల లేకుండా "2003 ఎన్నిక" అని లింకు ఇచ్చి ఉంటే అది ఏ ఎన్నికకు పోతుందో నొక్కి చూడండి.

4. మూలాలు తెరిచి చదవండి

మూలాలు వరుసగా ఉన్నాయని తృప్తి పడవద్దు. కనీసం ఓట్ల సంఖ్యలు, తేదీలు, వివాదాలు ఉన్న వాక్యాలకు ఇచ్చిన ప్రతి మూలాన్నీ తెరవండి. ఆ పేజీలో ఆ మాట నిజంగా ఉందా? పసిఫిక్ దేశాలకు రేడియో న్యూజిలాండ్ వార్తలు బాగా పనికొస్తాయి. వికీపీడియా నుంచే ఎత్తుకుని రాసిన సైటును తిరిగి వికీపీడియాలో మూలంగా పెట్టడం చిన్న దేశాల వ్యాసాల్లో తరచుగా కనిపిస్తుంది. వాక్యాలు అచ్చుగుద్దినట్టు ఉంటే ఆ పేజీ తేదీని వ్యాసపు చరిత్రతో పోల్చి చూడండి.

5. పేర్లు పలికి చూడండి

తెలుగు సమీక్షకులు తప్ప ఇంకెవరూ చేయలేని పని ఇది. కిరిబాటి భాష రాతలో "స" అక్షరం లేదు. "టి" అని రాసి "స్" అని పలుకుతారు. కాబట్టి ఆ దేశం పేరు వాళ్ల నోట కిరిబాస్. కిరిటిమాటి అనే దీవి పేరు నిజానికి క్రిస్మస్. అధ్యక్షుణ్ణి వాళ్లు పిలిచే బెరెటిటెంటి అనే మాట ప్రెసిడెంట్‌కు వాళ్ల రూపం. మన లిపి పలుకుబడిని పట్టుకునే లిపి. ఇంగ్లీషు అక్షరాలను చూసి ఒక్కొక్కటే దించేస్తే ఆ శక్తిని వృథా చేసినట్టే. పత్రికల్లో కిరిబాటి అనే స్థిరపడింది కనుక శీర్షిక అలాగే ఉండనివ్వండి. మొదటి వాక్యంలో అసలు పలుకుబడి చెప్పమనండి, కిరిబాస్ అని వెతికినవారిని కిరిబాటి పేజీకే తెచ్చే ఒక దారిమార్పు పెట్టమనండి. ఒకే మనిషి పేరు వ్యాసంలో మూడు రకాలుగా లేకుండా చూడడం సరేసరి.

6. నేపథ్యంలో అక్కడి జనం ఉన్నారా?

2019 సెప్టెంబరులో మామావు ప్రభుత్వం తైవాన్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుని చైనా వైపు వెళ్లింది. ఆ నిర్ణయం తరువాతే బెరినా అధికార పార్టీ నుంచి విడిపోయారు. కాబట్టి ఈ సంగతి వ్యాసంలో ఉండి తీరాలి. కానీ విదేశీ వార్తల మీదే ఆధారపడితే వ్యాసమంతా చైనా, తైవాన్, అమెరికాల చుట్టే తిరుగుతుంది. ఓటేసిన మనుషులు కనబడరు. దూరదీవుల్లో చాలా కుటుంబాలకు చేతికి డబ్బొచ్చేది ఎండుకొబ్బరి అమ్మితేనే. 2016లో గెలిచాక మామావు ప్రభుత్వం దానికిచ్చే ధరను కిలోకు 2 ఆస్ట్రేలియన్ డాలర్లకు, అంటే రెట్టింపుకు పెంచింది. ఇలాంటి విషయం ఒక్క పేరా అయినా లేకపోతే చేర్చమని అడగండి. గెలిచిన వ్యక్తిని "చైనా మనిషి" అని వ్యాసమే అంటోందా, లేక ఫలానా పత్రిక అన్నదని చెబుతోందా అన్నది కూడా చూడండి.

7. భాష

అనువాద పరికరంతో వచ్చిన వాక్యాలను బయటికి చదివితే తెలిసిపోతుంది. "ప్రస్తుత అధ్యక్షుడు" అన్న మాట మీద కన్ను వేయండి, అది రాసిన రోజు నిజమై ఇవాళ అబద్ధమవుతుంది. "అప్పటికి పదవిలో ఉన్న" అంటే చాలు. "విజయదుందుభి మోగించారు", "మట్టికరిపించారు" వంటివి, "గారు" కూడా తీసేయించండి.

8. చర్చ పేజీలో రాయండి

వ్యాసంలో బాగున్నదేమిటో ముందు రెండు వాక్యాల్లో చెప్పండి. పేరెరగని దేశం గురించి తెలుగులో రాయడానికి కూర్చున్న మనిషి శ్రమను గుర్తించాలి. తరువాత తప్పనిసరిగా దిద్దవలసినవి ఒకచోట, సూచనలు మరోచోట పెట్టండి. "మూలాలు సరిగా లేవు" అంటే రాసినవారికి ఏమీ తెలియదు. "ఫలితాల విభాగంలో రెండో పేరా, బెరినా ఓట్ల సంఖ్య, మూలంలో వేరుగా ఉంది" అని రాయండి. అక్షరదోషాలు మీరే దిద్దేయండి. అంకెలు మాత్రం రాసినవారి చేతే మార్పించండి, వాళ్ల దగ్గర మీరు చూడని మూలం ఉండవచ్చు.

మార్పులు చేశామని వాళ్లు చెప్పాక ప్రవేశిక, సమాచారపెట్టె, పట్టిక మూడూ మళ్లీ పక్కపక్కన పెట్టి చూసి, అప్పుడు ఆమోదించండి.