చేను కాపలా కుక్క - 5వ పాఠం: ఏదుపంది ఎదురైతే (రెండో భాగం)

పోయిన పాఠంలో "పైతోలులో రెండు మూడు ముళ్లే ఉంటే ఇంటి దగ్గరే తీసేయొచ్చు" అని రాశాను. అది రాయకుండా ఉంటే బాగుండేదని ఈ నెలంతా అనుకుంటూనే ఉన్నాను.

కదిరి వైపు నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. ముళ్లను కత్తెరతో సగానికి కత్తిరించాడట, ఇప్పుడు ప్లేయరుకి (పట్టకారుకి) పట్టు దొరకడం లేదట. పుంగనూరు దగ్గర ఒక రైతు తన కుక్క పక్కటెముకల మధ్య దిగిన ముల్లును లాగేశారు. "రెండే కదా సార్, మీరే రాశారు కదా" అన్నారు. అరగంటకే కుక్క నోరు తెరిచి రొప్పడం మొదలుపెట్టింది. తిరుపతి దాకా తీసుకెళ్లాల్సి వచ్చింది, ప్రాణం దక్కింది. ఇంకొకాయన నొప్పి తగ్గుతుందని మనుషులు వేసుకునే మాత్ర వేశారు. తప్పు వాళ్లది కాదు. రెండు మూడు అని లెక్క చెప్పాను గానీ ఎక్కడ దిగితే అన్నది చెప్పలేదు.

ఈ పాఠంలో కుక్కను వెనక్కి పిలిచే అలవాటు నేర్పుదామనుకున్నాను. నేర్పుతాను. ముందు ఈ గొడవ తేల్చాలి.

మాత్రల సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఏదీ మీ చేత్తో కుక్కకి వేయకండి. కడుపులో పుండ్లు, మూత్రపిండాలకి దెబ్బ, కాలేయానికి దెబ్బ. వేయాల్సిన నొప్పి మందు ఏదో డాక్టరుకి తెలుసు.

ఎక్కడ దిగిన ముల్లు ముట్టుకోకూడదు

ఛాతీ, పొట్ట, మెడ, కన్ను, నోటి లోపల, కీళ్లు. ఈ చోట్ల ఒక్క ముల్లున్నా మీరు లాగొద్దు. ఛాతీలో దిగిన ముల్లు కొన్నిసార్లు తను చేసిన కన్నానికి తనే బిరడాలా ఉంటుంది. దాన్ని లాగేస్తే గాలి లోపలికి పోయి ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. పుంగనూరు కుక్క రొప్పింది అందుకే. కుక్కను కదలకుండా పడుకోబెట్టి లాంతరు దగ్గరపెట్టి చూడండి. ముల్లు మీదున్న నలుపు తెలుపు పట్టెలు ఊపిరితో పాటు పైకీ కిందికీ ఆడుతుంటే అది తోలు దాటి లోపలికి దిగి ఉండొచ్చు. ఇక చేతులు వెనక్కి పెట్టుకుని బండి తీయండి.

తొడ, భుజం, వీపు పైభాగం అయితే నా పద్ధతి ఒకటుంది. ముల్లు పక్కన తోలును రెండు వేళ్లతో పట్టి మెల్లగా పైకి ఎత్తండి. తోలుతో పాటు ముల్లు కూడా లేస్తే అది తోలు వరకే దిగింది. తోలు లేచి ముల్లు ఉన్నచోటే నిలబడితే కండలో ఉంది, ఆపేయండి. పుస్తకంలో చదివింది కాదు, పద్నాలుగేళ్లుగా నేను చేస్తున్నది.

తీసేటప్పుడు కుక్క కళ్ల మీద తుండుగుడ్డ వేసి, మూతి కట్టి, తోలుకి ఆనించి ప్లేయరుతో పట్టి, దిగిన దారిలోనే ఒక్క ఊపున లాగాలి. ముక్కు నుంచి రక్తం కారుతున్నా, ముళ్లు నోట్లో ఉన్నా మూతి కట్టకండి. మిగతాది పోయిన పాఠంలో ఉంది. ఎంత మంచి కుక్కైనా నొప్పిలో కరుస్తుంది. కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి మీరు వ్యాక్సిన్‌కి వెళ్లండి.

కత్తిరిస్తే గాలి పోతుందట!

ఈ మాట ఎవరు పుట్టించారో గానీ నాకు తల తిరిగిపోతోంది. ఏదుపంది ముల్లు లోపల గాలి బిగించి ఉంటుందట, కొన కత్తిరిస్తే గాలి పోయి ముల్లు సన్నబడి జారి వచ్చేస్తుందట. ఈ నెలలో ఆరుగురు అడిగారు. అందులో ఒకాయన లెక్కల మాస్టారు.

ముల్లు సైకిల్ ట్యూబు కాదు. జొన్న దంటు విరిచి చూడండి, పైన గట్టి పెచ్చు, లోపల తెల్లటి బెండు. ముల్లు కూడా అలాగే, లోపల బెండులాంటి పదార్థం. జొన్న దంటు కోస్తే గాలి బుస్సుమని వచ్చిందా ఎప్పుడైనా? కోశాక దంటు సన్నబడిందా? చెరుకు గడ కోస్తే సన్నబడిందా? వెదురు బద్ద కోస్తే? లేదు కదా. మరి ముల్లెందుకు సన్నబడుతుంది?

పోనీ కత్తిరిస్తే నష్టమేంటని అడగొచ్చు. కత్తిరించినచోట ముల్లు పీచులు పీచులుగా చీలుతుంది. ప్లేయరుతో పట్టుకుంటే ఆ చీలిక ఇంకా లోపలికి పాకి తోలు కింద విరుగుతుంది. పొడుగు ముల్లైతే దూరం నుంచే కనబడుతుంది, కత్తిరించిన మొద్దు మాత్రం వెంట్రుకల్లో దాక్కుంటుంది. మీరు లెక్కపెట్టి అన్నీ తీశామనుకుంటారు, ఒకటి మిగిలిపోతుంది. వెనిగర్ పోస్తే మెత్తబడుతుందన్నది కూడా ఇదే కోవ. కిరసనాయిలు సంగతి నన్ను అడగకండి.

ఈ మాటలన్నీ అమెరికా వీడియోల నుంచి దిగుమతి అవుతున్నాయి. అక్కడ కూడా ఇది అబద్ధమే. పైగా వాళ్ల ఏదుపంది వేరు, మనది వేరు. వాళ్లది చెట్లెక్కుతుంది, ముళ్లు పొట్టివి, సుమారు 30,000 ఉంటాయి, కొన దగ్గర కంటికి కనబడని కొక్కేలు వందల్లో ఉంటాయి. అందుకే అక్కడ వేట కుక్క మూతి దబ్బనాలు గుచ్చిన దిండులా తయారవుతుంది. మనది నేలమీది జంతువు, పదకొండు నుంచి పద్దెనిమిది కిలోల బరువు, బొరియలో కాపురం. ముళ్లకి ఆ కొక్కేలు లేవు. కానీ వీపు మీది ముళ్లు లావు, గట్టి, ఈటెల్లాంటివి. వాళ్ల కుక్కకి రెండొందల ముళ్లు కూడా దిగొచ్చు. మన కుక్కకి దిగేవి నాలుగే కావచ్చు, అందులో ఒకటి ఊపిరితిత్తి దాకా పోవచ్చు. చిరుతపులులే చచ్చిపోయిన సందర్భాలున్నాయి. అందుకే ముళ్ల లెక్క చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

ముళ్లు విసరదు. అది అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నా.

డబ్బు ఎక్కడ పోతుంది

మా కుక్క నల్లోడికి మొదటిసారి గుచ్చుకున్నప్పుడు ఆ రాత్రే తీసుకెళ్లాను. మత్తు, ఇంజెక్షన్లు, యాంటీబయాటిక్ కలిపి 1,800 అయింది. రెండోసారి వేరుశనగ పీకుడు రోజులు, కూలీలు దొరికారు కదా అని మూడు రోజులు ఆగాను. ముందుకాలి చంకలో విరిగిన ముక్క ఉండిపోయి, చీము పట్టి, స్కానింగ్, కోత, కుట్లు. 11,000 దాటింది. ముల్లు మన గోరు లాంటి పదార్థం, ఎక్స్‌రేలో సరిగా కనబడదు. అల్ట్రాసౌండ్‌తో వెతకాలి, ఆ ఖర్చు వేరు. కెనడాలో 296 కుక్కల కేసులు చూసి 2006లో ఒక పరిశీలన వేశారు. 24 గంటలు దాటాక ఆసుపత్రికి వచ్చిన కుక్కలకే తర్వాత ఇబ్బందులు ఎక్కువ వచ్చాయని అందులో తేలింది. నాకు ఆ పాఠం 11,000కి వచ్చింది.

మండలంలోని పశువుల ఆసుపత్రిని మర్చిపోకండి. 1962కి ఫోన్ చేసి సంచార వాహనం గురించి కూడా అడగండి. లోతు గాయమైతే మాత్రం నేరుగా తిరుపతి లేదా రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి. బయలుదేరే ముందే ముళ్లు ఎన్ని, ఎక్కడెక్కడ అని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. దారిలో కుక్క కొన్నిటిని కాలితో గీక్కుని విరగ్గొడుతుంది. ఎన్ని విరిగాయో డాక్టరుకి తెలిసేది ఆ ఫోటోతోనే.

ఇక అసలు పాఠం

వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టే రోజుల్లో, అంటే మన వైపు సెప్టెంబరు నుంచి పంట ఇంటికి చేరేదాకా, రాత్రి కుక్కను వదలకండి. కట్టేసిన కుక్క మొరగదా? రెండు గుంజల మధ్య తీగ లాగి, దానికి గొలుసు జారేలా కట్టండి. ఇరవై అడుగులు అటూ ఇటూ తిరుగుతుంది, బాగా మొరుగుతుంది, బొరియ దాకా మాత్రం పోలేదు. చేను చుట్టూ మెష్ వేసే స్తోమత ఉంటే అడుగు లోతు పాతండి. పాతకపోతే కింద నుంచి తవ్వుకొస్తుంది.

కుక్క ఒకసారి గుచ్చుకుంటే బుద్ధి తెచ్చుకుంటుందని అనుకోకండి. కొన్ని మరీ పగబట్టి పోతాయి. జోనంగి లాంటి గోతులు తవ్వే అలవాటున్న జాతి అయితే ఇంకా జాగ్రత్త. బొరియలో మూతి పెట్టిందంటే ఏదుపంది వీపు తిప్పి వెనక్కి దూసుకొస్తుంది, మధ్యలో కుక్క మొహం ఉంటుంది. బొరియ ఎలా గుర్తుపట్టాలంటే, నోటి దగ్గర కొత్త మట్టి, రాలిన ముళ్లు, కొరికిన ఎముకలు. సున్నం కోసం ఎముకలు కొరుకుతుంది. ఆ చుట్టుపక్కలకి పగలు కూడా కుక్కను తీసుకెళ్లకండి. ముళ్లు ఏరుకుని ఇంటికి తేవద్దు, చట్టంతో తంటా.

వేటకి తీసుకెళ్తాం, దానికి తర్ఫీదు చెప్పండని ఇద్దరు అడిగారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, ఏదుపంది అందులో ఉంది. ఈ పాఠాలు మీకు కాదు.

ఏదుపంది మీదపడే ముందు హెచ్చరిస్తుంది. తోకలో బోలు ముళ్లుంటాయి, వాటిని గలగలమని ఆడిస్తుంది. మా కొట్టం వెనక నేను విన్నది ఇలా: గలగల, ఆగి, కాళ్లతో నేలని తన్నిన చప్పుడు, మళ్లీ గలగల, తర్వాత కుక్క కుయ్యిమన్న అరుపు. మొదటి గలగలకీ ఆ అరుపుకీ మధ్య ఒకటి రెండు లెక్కపెట్టేంత వ్యవధి ఉంది. ఆ వ్యవధిలో కుక్క వెనక్కి తిరగాలి. మనం నేర్పేది ఇంతే.

ఆ చప్పుడుకి ఎండిన దిరిసెన కాయల గుత్తి సరిపోతుంది. కుక్కను పదిహేను అడుగుల తాడుకి కట్టి, ఇంకొకరిని పొద చాటున నిలబెట్టండి. ఆ మనిషి గుత్తి ఆడించగానే మీరు "ఇట్రా" అని ఒక్కసారి పిలిచి, తాడు లాగకుండా వెనక్కి నడవండి. కుక్క వచ్చిందా, ఉడికిన గుడ్డు ముక్క. మా ఇంట్లో గుడ్డే, బిస్కెట్లంటే నాకు పడదు. వారం తర్వాత మీరు పిలవకుండా చూడండి, చప్పుడు వినగానే అదే మీ వైపు రావాలి. షాక్ కాలర్ (మెడలో కరెంటు షాక్ కొట్టే పట్టీ) పెట్టొచ్చా అని అడుగుతున్నారు. నేను పెట్టను. షాక్ ఆ జంతువే ఇచ్చిందనుకుని కోపంతో ఇంకా మీదపడే కుక్కలుంటాయి.

అభ్యాసం

21 రాత్రులు, రోజుకి ఆరుసార్లు, ఒక్కో రాత్రి ఒక్కో చోట. పగలు చేస్తే లెక్కలోకి రాదు, ఏదుపంది పగలు రాదు. పిలవకుండా ఎన్నిసార్లు వచ్చిందో నోట్‌బుక్‌లో రాయండి. చివరి మూడు రాత్రుల 18 సార్లలో 16 కన్నా తక్కువైతే మొదటి నుంచి మొదలుపెట్టండి. ఆరో పాఠం మెష్ పాతడం, దానికి ముందే చేను చుట్టుకొలత టేపుతో కొలిచి పెట్టుకోండి. అడుగులు వేసి కాదు, టేపుతో.