జపాన్ గేమ్ కన్సోల్ తెప్పించారా? మొరాయిస్తే ముందు ఇవి చూడండి

పాత గేమ్ కన్సోల్స్ పోగేసే పిచ్చి ఉన్నవాళ్లు కొన్నాళ్లకి జపాన్ మోడల్స్ వైపు మళ్లడం మామూలే. నింటెండో కంపెనీ సూపర్ ఫామికామ్ కన్సోల్ క్యాసెట్లు అక్కడ కుప్పలుతెప్పలుగా దొరుకుతాయి, అట్టపెట్టెతో సహా తీసుకున్నా చాలావరకు అమెరికా కాపీ కంటే చవక. పైగా మనకి అది పరాయి సరుకేం కాదండీ. చిన్నప్పుడు తీర్థంలో మారాం చేసి కొనిపించుకున్న పసుపు క్యాసెట్ల వీడియో గేమ్ ఉంది చూశారా, అది జపాన్‌లో దానికి ముందొచ్చిన ఫామికామ్ కన్సోల్‌కి నకలే. అందుకే ఆ క్యాసెట్‌కి 60 పిన్నులు, అదే ఫామికామ్ అమెరికాలో అమ్మిన రూపం ఎన్‌ఈఎస్, దాని క్యాసెట్‌కి 72.

అసలు చిక్కంతా పార్సిల్ ఇంటికొచ్చాకే. "పాడైంది చూడన్నా" అని నా దగ్గరికి తెచ్చే వాటిలో చాలావాటికి రోగం కన్సోల్ లోపల ఉండదు, మన గోడ ప్లగ్గులోనో, టీవీలోనో, మన గాలిలో తేమలోనో ఉంటుంది. కాబట్టి స్క్రూ డ్రైవర్ తర్వాత తీయండి.

స్విచ్ వేయగానే టప్‌మంది, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు

జపాన్‌లో ఇంటి కరెంటు 100 వోల్టులు, మనది 230. జపాన్ ప్లగ్‌కి రెండు బల్లపరుపు పిన్నులుంటాయి, మన సాకెట్లో పట్టదు కాబట్టి షాపుకెళ్లి ఒక మల్టీ ప్లగ్ తెచ్చి దూర్చేస్తారు. అది మార్చేది పిన్ను ఆకారాన్ని, వోల్టేజీని కాదు. 230 నేరుగా లోపలికెళ్లి టప్‌మంటుంది, జరిగేది అదే.

జరిగిపోతే మాత్రం వెంటనే కన్సోల్‌ని అటకెక్కించొద్దు. ఫామికామ్, సూపర్ ఫామికామ్, సెగా మెగా డ్రైవ్ లాంటి వాటికి అడాప్టర్ బయట ఉంటుంది, దెబ్బ ఎక్కువగా ఆ అడాప్టర్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌తోనే ఆగిపోతుంది, సరైన వేరే అడాప్టర్ పెట్టి చూస్తే కన్సోల్ నిక్షేపంగా లేవొచ్చు. సెగా శాటర్న్, మొదటి ప్లేస్టేషన్, లావు పీఎస్2 అలా కాదు, వాటి పవర్ బోర్డు లోపలే ఉంటుంది. అక్కడ ముందు ఫ్యూజు చూడాలి, మల్టీమీటర్ బీప్ అనకపోతే అదే రేటింగ్ ఫ్యూజు వేయాలి, దాని బదులు రాగి తీగ చుట్టే మన ఇంటి అలవాటు ఇక్కడ వద్దు. ఫ్యూజు మార్చినా మళ్లీ పోయిందంటే బోర్డు మీద ఇంకేదో షార్ట్ అయినట్టే, అది టీవీ మెకానిక్ చేతికివ్వండి, ఆ పెద్ద కెపాసిటర్‌లో ప్లగ్ తీశాక కూడా కరెంటు నిలవ ఉంటుంది.

ముందుజాగ్రత్తగా అయితే 230 నుంచి 100కి దించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి, పాత కన్సోల్స్‌కి 100 వాట్లది బోలెడు. షాపుల్లో ఎక్కువగా 110 వోల్టులదే చూపిస్తారు, దానితో నడుస్తుంది గానీ పాత అడాప్టర్లు కాస్త ఎక్కువ వేడెక్కుతాయి, 100ది దొరికితే అదే తీసుకోండి. ఇస్త్రీపెట్టెలకి, హెయిర్ డ్రైయర్లకి వాడే తేలికపాటి ట్రావెల్ కన్వర్టర్ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. మనది 50 హెర్ట్జ్ కదా అని టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట: గోదావరికి అటు తూర్పు, ఇటు పశ్చిమ అని మనం అనుకున్నట్టే జపాన్‌లో ఫుజి నది దగ్గర కరెంటు రెండుగా చీలుతుంది, తూర్పున టోక్యో వైపు 50, పశ్చిమాన ఒసాకా వైపు 60. వాళ్ల కన్సోల్స్ రెండింటికీ చేసినవే.

ఇంకోటి. కరెంటు పోయాక ఇన్వర్టర్ మీద ఆడటం మొదలుపెడితే ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మంటుందా? మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుంటుంది, ఆపేయండి. భీమవరం వైపు చెరువుల మధ్య ఊళ్లలో ఏరేటర్లు ఒక్కసారి ఆన్ అయితే లైట్లు గుడ్డిగా వెలిగే ఇళ్లున్నాయి, అక్కడ స్టెబిలైజర్ తర్వాతే ట్రాన్స్‌ఫార్మర్.

కొత్త అడాప్టర్ పెట్టాను, ఎర్ర లైటు వెలగట్లేదు

నూటికి తొంభై సార్లు ధ్రువం తిరగబడి ఉంటుంది. మన దగ్గర రౌటర్‌కి, సీసీ కెమెరాకి వచ్చే అడాప్టర్ల మొనలో లోపల ప్లస్, బయట మైనస్. ఫామికామ్‌కి, సూపర్ ఫామికామ్‌కి అది తలకిందులు, లోపల మైనస్ ఉండాలి. ఈ రెండింటికీ అసలు అడాప్టర్ ఒక్కటే, 10 వోల్టులు, 850 మిల్లీ యాంపులు. మెగా డ్రైవ్ మొదటి మోడల్‌కి 9 వోల్టులు, లోపల మైనస్. అదే మెగా డ్రైవ్ 2కి వచ్చేసరికి మొన చిన్నదైంది, లోపల ప్లస్ అయింది. అందుకే అడాప్టర్ లేబుల్ మీద చిన్న గుండ్రటి బొమ్మ పక్కన ఉండే ప్లస్, మైనస్ గుర్తులు చూడకుండా ఏదీ గుచ్చొద్దు. సూపర్ ఫామికామ్‌కి తిరగేసి పెట్టేశారా, లోపల బోర్డు మీద ఒక చిన్న ఫ్యూజు ఉంటుంది, సాధారణంగా అది ప్రాణమిచ్చి మిగతాదాన్ని కాపాడుతుంది. దాన్ని మారిస్తే లేస్తుంది.

అమెరికా ఎన్‌ఈఎస్ అడాప్టర్ ఇంట్లో పడి ఉంది కదా అని ఫామికామ్‌కి పెట్టేవాళ్లున్నారు. దాని నుంచి వచ్చేది ఏసీ, ఫామికామ్‌కి కావాల్సింది డీసీ. వద్దంటే వద్దు. నింటెండో 64 విషయంలో మాత్రం మనకి అదృష్టమే, వెనక ఊడదీసే పవర్ బ్రిక్ అన్ని దేశాల వాటికీ ఒకటే అచ్చు, 230 వోల్టుల యూరప్ బ్రిక్ జపాన్ మెషీన్‌లో హాయిగా కూర్చుంటుంది.

లైటు వెలిగింది, టీవీలో చుక్కలే

1983 నాటి ఎర్ర, తెలుపు ఫామికామ్‌కి ఏవీ సాకెట్లు లేవు, యాంటెనా వైరే గతి. అది బొమ్మని పంపేది జపాన్ టీవీ చానెల్ 1 లేదా 2లో, అంటే 91, 97 మెగాహెర్ట్జ్ దగ్గర. మన దగ్గర ఆ చోటు ఎఫ్ఎం రేడియోది, మన టీవీ మామూలుగా అక్కడ చానెల్ వెతకనే వెతకదు. కేబుల్ బ్యాండ్ పట్టే పాత డబ్బా టీవీలో చేత్తో ట్యూన్ చేస్తే ఒక్కోసారి బొమ్మ తగులుతుంది, కానీ సౌండు పద్ధతి వేరు కాబట్టి సొద మాత్రమే వినిపిస్తుంది. దాంతో కుస్తీ పట్టకండి. దారులు రెండు: సోల్డరింగ్ తెలిసిన మెకానిక్‌తో చిన్న ట్రాన్సిస్టర్ సర్క్యూట్ పెట్టించి ఏవీ వైర్లు బయటికి తీయించడం, లేదా 1993లో వచ్చిన ఏవీ ఫామికామ్ కొనడం. నన్నడిగితే రెండోదే, సూపర్ ఫామికామ్ వైరే దానికీ పనికొస్తుంది, పైగా మొదటి మోడల్‌ని కోయకుండా అలాగే అపురూపంగా దాచుకోవచ్చు.

బొమ్మ వచ్చింది గానీ నలుపు తెలుపులో వచ్చింది, లేదా పైకి దొర్లుతోందంటే కారణం టీవీ. టీవీ సిగ్నల్ పంపే పద్ధతి జపాన్‌ది ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్. మెనూలో కలర్ సిస్టమ్‌ని ఆటోలోనో ఎన్‌టీఎస్‌సీ 3.58లోనో పెట్టండి, ఆ వరసే మెనూలో లేకపోతే ఆ టీవీకి రాదన్నమాట. కొత్త ఎల్‌ఈడీ టీవీల్లో రంగు వస్తుంది కానీ ఇంకో తలనొప్పి ఉంది. ఈ కన్సోల్స్ పంపేది 240పీ, అంటే 240 గీతల పూర్తి బొమ్మ, దాన్ని చాలా టీవీలు, చవక ఏవీ టు హెచ్‌డీఎంఐ డబ్బాలు 480ఐ, అంటే సగం సగం గీతలుగా వచ్చే బొమ్మ అనుకుని, రెండేసి బొమ్మల్ని కలిపేస్తాయి. గమనించండి, దెబ్బ తగిలినప్పుడు మిణుకుమిణుకుమనాల్సిన హీరో గీతలు గీతలుగా చీలతాడు, లేదా పూర్తిగా మాయమైపోతాడు, బటన్ నొక్కిన కాసేపటికి గానీ దూకడు. రెట్రోటింక్ లాంటి లైన్ డబ్లర్ (గీతల్ని రెట్టింపు చేసి టీవీకి పంపే డబ్బా) పెడితే తీరుతుంది, ఖర్చే. ఖర్చు వద్దంటే వీధి చివర ఎవరో పారేయబోతున్న 21 అంగుళాల డబ్బా టీవీని తెచ్చుకోండి, చాలామంది ఉచితంగానే ఇస్తారు.

ఆర్‌జీబీ వైర్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్ని విడివిడిగా పంపేది) కొనేవాళ్లకి: జపాన్ 21 పిన్నుల వైరు, యూరప్ టీవీల స్కార్ట్ వైరు చూడటానికి కవలలే, లోపల పిన్నుల వరస వేరు. ఒకదానిలో ఒకటి పెట్టకండి.

గేమ్ మరీ వేగంగా ఉంది

లోపం కాదు. ఇన్నాళ్లూ మీరు 50 హెర్ట్జ్ పాల్ మెషీన్ మీద నెమ్మదిగా ఆడారు, అసలు వేగం ఇదే. ఓ వారం ఓపిక పట్టండి.

క్యాసెట్ పెడితే బూడిద రంగు తెర, లేదా పిచ్చి గళ్లు

ఇప్పుడు మీరేం చేస్తారో నాకు తెలుసు. క్యాసెట్ తీసి ఉఫ్ అని ఊదుతారు. మనమంతా అలాగే పెరిగాం. నోటి తడి పిన్నుల మీద పడి, దానికి మన కోస్తా గాలి తోడై, కొన్నాళ్లకి పచ్చటి చిలుము పడుతుంది, అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో అయితే ఇంకా తొందరగా. ఇయర్ బడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిన్నులు నిలువుగా తుడవండి, బడ్ నల్లగా వస్తున్నంతసేపూ కొత్త బడ్ తీసుకుంటూ ఉండండి. మొండి మరకకి పెన్సిల్ రబ్బరు మెల్లగా. సూపర్ ఫామికామ్ క్యాసెట్ విప్పాలంటే 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన బిట్ కావాలి. ఫామికామ్ క్యాసెట్లకి స్క్రూలే ఉండవు, అంచులు నొక్కి విప్పాలి, తొందరపడితే లోపలి కొక్కెం విరుగుతుంది.

దాచేటప్పుడు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ ప్యాకెట్లు, వానాకాలంలో మార్చుకుంటూ. అట్టపెట్టెలకి చెదలు, వెండి పురుగులు పడతాయని నాఫ్తలీన్ గోళీలు వేస్తారు, వేయొద్దు, కొన్ని ప్లాస్టిక్‌లకి అవి పడవు. పసుపెక్కిన సూపర్ ఫామికామ్‌ని హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టి తెల్లబరుస్తారు గానీ చారలు పడిన వాటిని చూశాక, అలాగే ఉంచేయండి అనే చెప్తాను.

సేవ్ చేసింది తెల్లారేసరికి లేదు

క్యాసెట్ లోపలి బ్యాటరీ అయిపోయింది. సూపర్ ఫామికామ్‌లో ఎక్కువగా సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ, టంకం వేసి ఉంటుంది, చెవులున్న (టంకం వేయడానికి రేకులు అతికించిన) బ్యాటరీయే కొనాలి. మార్చగానే పాత సేవ్ పోతుంది, ముప్పై ఏళ్ల కిందటి జపాన్ పిల్లాడి ఆట అందులో ఉంటే ఒకసారి చూసుకుని మరీ మార్చండి. శాటర్న్ ఆన్ చేసిన ప్రతిసారీ భాష, టైము అడుగుతుంటే అదే సీఆర్2032, వెనక మూత తీస్తే చేతికొస్తుంది, మెకానిక్ అక్కర్లేదు. ఆ తెరలోనే ఇంగ్లీష్ ఎంచుకోవచ్చు.

సౌండు సన్నగా వస్తోంది, చేపల వాసన వస్తోంది

నవ్వకండి. సెగా చేతి కన్సోల్ గేమ్ గేర్‌లో, ఎన్‌ఈసీ సీడీ కన్సోల్ పీసీ ఇంజిన్ డ్యూవోలో ఆ కాలం కెపాసిటర్లు కారతాయి, ఆ ద్రవం వాసన అచ్చం అలాగే ఉంటుంది, మన ఇళ్లలో అది కనిపెట్టడం కొంచెం కష్టమే. అన్ని కెపాసిటర్లూ మార్పించి బోర్డు కడిగించాలి, ఆలస్యమైతే ద్రవం రాగి గీతల్ని తినేస్తుంది. ఫామికామ్‌కి తగిలించి ఫ్లాపీ లాంటి డిస్కులు ఆడించే ఫామికామ్ డిస్క్ సిస్టమ్ చదవట్లేదంటే ముందు బెల్టు చూడండి, రబ్బరు కరిగి తారులా అంటుకుని ఉంటుంది. గీకి తుడిచి కొత్త బెల్టు వేయాలి, ఆ తర్వాత మోటారు చక్రాన్ని సరిగ్గా అమర్చే పనికి ఓ సాయంత్రం పడుతుంది.

డిస్క్ బాగానే ఉంది, గేమ్ మాత్రం ఒప్పుకోవట్లేదు

దేశం తాళం. శాటర్న్, ప్లేస్టేషన్, డ్రీమ్‌కాస్ట్, గేమ్‌క్యూబ్ మెషీన్ ఏ దేశానిదో డిస్కూ ఆ దేశానిదే కావాలి. శాటర్న్‌కి యాక్షన్ రీప్లే అనే క్యాసెట్ పెడితే తాళం తీస్తుంది. సూపర్ ఫామికామ్, అమెరికా మోడల్ మధ్య అడ్డం చాలావరకు ప్లాస్టిక్ ఆకారమే. గేమ్ బాయ్, గేమ్ బాయ్ అడ్వాన్స్‌కి ఈ గొడవే లేదు, జపాన్ సరుకు మొదలుపెట్టేవాళ్లు వాటితో మొదలుపెడితే మంచిది.

ఓకే నొక్కితే వెనక్కి పోతోంది

జపాన్ ప్లేస్టేషన్ గేముల్లో సున్నా అంటే సరే, గుణకారం గుర్తు అంటే వద్దు. "సేవ్ అవ్వట్లేదు" అన్న ఫిర్యాదుల్లో కొన్ని ఇవే.

కొనేటప్పుడు జపాన్ సైట్లలో జంక్ అని రాసి ఉన్నవి చూస్తారు, పరీక్షించలేదు, వాపసు లేదు అని దాని భావం. క్యాసెట్లు అలా కొనొచ్చు, తుడిస్తే చాలావాటికి ప్రాణం వస్తుంది. సీడీ మెషీన్లు మాత్రం అలా కొనొద్దు, లెన్సు పోయుంటే విడిభాగం వెతకడానికి, దానికి మళ్లీ షిప్పింగు, కస్టమ్స్ సుంకం కట్టడానికి అయ్యే ఖర్చు కన్సోల్ ధర దాటిపోతుంది.