సిమెంటు నేల మీద మరకలు వదిలించడం ఎలా?

సిమెంటు నేల మీద మరక కనిపించగానే కిరాణా కొట్టు నుంచి బాత్రూం యాసిడ్ సీసా తెచ్చి కుమ్మరించడం మన ఇళ్లలో స్థిరపడిపోయిన అలవాటు. పోసిన చోట బుసబుసా నురుగు లేస్తుంది గనుక మరక వదులుతోందని అందరూ సంతోషిస్తారు. నిజానికి ఆ నురుగు, సిమెంటులోని సున్నపు పదార్థాన్ని యాసిడ్ తినేస్తున్నప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్. మరకతో పాటు నున్నటి పై పొర కూడా పోయి, ఇసుక బయటపడి, ఆ గరుకు నేల మురికిని మునుపటికంటే త్వరగా పట్టుకుంటుంది. అందుచేత ఏది పోయాలో ఆలోచించే ముందు ఆ మరక దేనిదో తేల్చుకోవాలి.

గట్టి నైలాన్ బ్రష్, కొబ్బరి ఈనెల చీపురు, రెండు ప్లాస్టిక్ బకెట్లు, రబ్బరు తొడుగులు ఉంటే సామగ్రి సరిపోతుంది. ఇనుప తీగల బ్రష్ మాత్రం వాడకూడదు. తెగిన తీగ ముక్కలు నేలలో ఇరుక్కుని, తడి తగలగానే కొత్త తుప్పు చుక్కలు పుట్టిస్తాయి.

ముందుగా నేలంతా ఊడ్చి కడగాలి. తెల్లని ఉప్పు పొర పూసిన చోట మాత్రం నీళ్లు పోయకముందే పొడి బ్రష్‌తో రుద్ది ఎత్తేయాలి, లేకపోతే ఆ ఉప్పు కరిగి మళ్లీ లోపలికే ఇంకుతుంది.

పాచికి, నల్లటి మచ్చలకు 10 లీటర్ల నీటిలో 100 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరిన నీటిని చల్లి, పావుగంట తర్వాత రుద్ది బాగా కడిగేస్తే చాలు.

బండి కింద కారిన ఇంజిన్ ఆయిల్‌ను పెట్రోలుతో తుడిచేవారున్నారు. పెట్రోలు ఆ నూనెను పలచన చేసి నేల రంధ్రాల్లోకి ఇంకా లోతుగా దింపుతుంది, పైగా నిప్పు ప్రమాదం. దానికి బదులు ముగ్గుపిండిలో కొద్దిగా బట్టల సోడా, గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, నీళ్లతో ముద్దలా కలిపి, మరక మీద వేలు మందాన పట్టించాలి. దాని మీద ప్లాస్టిక్ కాగితం కప్పి ఒక రాత్రి ఉంచి, మర్నాడు కాగితం తీసి పూర్తిగా ఎండనివ్వాలి. ముద్ద ఎండుతూ నూనెను పైకి పీల్చుకుంటుంది. పాత మరకకు రెండు మూడు సార్లు పట్టించవలసి వస్తుంది.

అసలు జాగ్రత్త అవసరమైనది తుప్పు మరక దగ్గర. దీనికి సబ్బు పనికిరాదు, బ్లీచింగ్ పౌడర్ అంతకన్నా పనికిరాదు, ఆమ్లమే కావాలి. ఆ ఆమ్లం నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కావాలే తప్ప బాత్రూం యాసిడ్ కాకూడదు. నిమ్మ ఉప్పు మెల్లగా పనిచేస్తుంది గనుక మనకు ఆపే వ్యవధి ఉంటుంది, ఇనుమును పట్టుకుని నీటిలో కలిపేసే గుణం కూడా దానికుంది. బాత్రూం యాసిడ్ ఆవిరి గేటును, గ్రిల్లును, పక్కనున్న బండిని తుప్పు పట్టిస్తుంది. అందులోని క్లోరైడు నేల పగుళ్లలోంచి దిగితే లోపలి ఊచలకే చేటు.

లీటరు గోరువెచ్చని నీటిలో 100 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించి, ముందు ఎవరి కంటా పడని ఒక మూల పరీక్షించి చూడాలి. తర్వాత మరకను, దాని చుట్టుపక్కల నేలను మామూలు నీటితో తడపాలి. రంధ్రాలు నీటితో నిండి ఉంటేనే ఆమ్లం లోతుకు దిగకుండా పైపైన పనిచేస్తుంది. ఈ ఒక్క పని మానేసినందువల్లనే చాలా ఇళ్లలో తుప్పు మరక పోయి, దాని చోట తెల్లటి మచ్చ శాశ్వతంగా మిగిలింది. మరక మేరకే పోసి, 10 నిమిషాలు ఆరిపోకుండా చూసుకుంటూ, రుద్ది, ధారాళంగా కడగాలి. పోకపోతే మళ్లీ అదే పాళ్లలో చేయాలి గాని చిక్కదనం పెంచకూడదు. చివరగా తినే సోడా కలిపిన నీరు పోస్తే మిగిలిన ఆమ్లం విరిగిపోతుంది.

పక్కనే తాండూరు, బేతంచెర్ల నాపరాళ్లు పరిచి ఉంటే ఆ నీరు అటు పారకుండా గుడ్డలు అడ్డం పెట్టాలి, ఎందుకంటే అవి సున్నపురాళ్లు. ఏ ఆమ్లం తగిలినా మెరుపు పోతుంది. ఎర్ర గచ్చు మీద ఈ పద్ధతి అసలు వద్దు.

బ్లీచింగ్ పౌడర్, నిమ్మ ఉప్పు ఒకే రోజు వాడకూడదు. బ్లీచింగ్‌కు ఏ ఆమ్లం తగిలినా క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. పాచి పని ముగించి, శుభ్రంగా కడిగి, తుప్పు పని మర్నాటికి ఉంచుకోవాలి.

స్లాబు అడుగున ఊచల వెంబడి గీతలా తుప్పు మరక కనిపించి, తీసిన కొన్నాళ్లకే మళ్లీ తేలుతుంటే అది లోపలి ఇనుము తుప్పు పట్టడం వల్ల వచ్చినది. దాన్ని కడుగుతూ కూర్చోకుండా ఇంజినీరుకు చూపించాలి. పెచ్చులు కొట్టి, ఊచలు శుభ్రం చేయించి, మళ్లీ పూత వేయించిన తర్వాతే ఆ మరక ఆగుతుంది.