పొలం మీదుగా కార్బన్ డయాక్సైడ్ పైపులైను వస్తుందంటే చూడవలసిన కాగితాలు

ఉత్తర తెలంగాణలో రామగుండం, జైపూర్, చెల్పూరు వంటి పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. బొగ్గు మండినప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను పొగగొట్టం దగ్గరే పట్టి, పైపుల్లో తరలించి, భూగర్భంలోని రాతిపొరల్లో నిల్వ చేయాలన్న ఆలోచనపై నీతి ఆయోగ్ 2022 నవంబరులో ఒక విధాన నివేదికనే వెలువరించింది. అటువంటి ప్రతిపాదనతో ఎవరైనా ఊళ్లోకి వచ్చినప్పుడు రైతులు, గ్రామ పంచాయతీలు ఏం అడగాలో, ఏ గడువులోగా అడగాలో ఇక్కడ వివరిస్తున్నాను.

పైపులైను వేరు, నిల్వ వేరు. పైపులైను కోసం భూమిపై హక్కు తీసుకోవడానికి మన దేశంలో పాత చట్టమే ఉంది. భూగర్భ నిల్వకు మాత్రం ప్రత్యేక చట్టం లేదు. అందువల్ల నోటీసు అందగానే అది ఏ చట్టంలోని ఏ సెక్షన్ కింద జారీ అయిందో ముందు చూడాలి. సహజవాయువు లైన్లకు సాధారణంగా వాడేది 1962 నాటి పెట్రోలియం, ఖనిజాల పైపులైన్ల చట్టం. ఆ చట్టం పేరులోనే పెట్రోలియం, ఖనిజాలు అని ఉంది తప్ప కార్బన్ డయాక్సైడ్ ప్రస్తావన లేదు. పొగలోంచి పట్టిన వాయువు ఏ నిర్వచనం కిందికి వస్తుందో చూపమని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోయినా ప్రశ్న ఫైలులో ఉంటుంది, రేపు హైకోర్టుకు వెళ్లవలసి వస్తే పనికొస్తుంది.

ఆ చట్టం కిందే నోటీసు వచ్చిందనుకుంటే, హక్కు తీసుకునే ఉద్దేశాన్ని ప్రభుత్వ గెజిట్‌లో ప్రకటించే సెక్షన్ 3 నోటిఫికేషన్ తేదీ నుంచి 21 రోజుల్లోగా అభ్యంతరం దాఖలు చేయాలి. నోటీసు చేతికందిన రోజు నుంచి లెక్కపెడుతూ కూర్చుంటే గడువు దాటిపోవచ్చు కాబట్టి గెజిట్ తేదీనే పట్టుకోవాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, పొలంలోని బోరు, బావి, చెట్లు, పశువుల కొట్టం అన్నీ అభ్యంతర పత్రంలో రాసి, పాసుపుస్తకం నకలు జతచేసి, ఇచ్చిన ప్రతికి రశీదు తీసుకోవాలి. స్వయంగా గానీ వకీలు ద్వారా గానీ వాదన వినిపించే హక్కును సెక్షన్ 5 ఇస్తోంది. ఆ అవకాశం కావాలని పత్రంలోనే కోరడం మంచిది. నోటిఫికేషన్ నాటికే ఉన్న నివాస స్థలం, పక్కా కట్టడం, ఇంటిని ఆనుకున్న జాగా కింద పైపు వేయకూడదని, లోతు కనీసం ఒక మీటరు ఉండాలని సెక్షన్ 7 చెబుతోంది.

ఈ చట్టం కింద భూమి యాజమాన్యం పోదు, వినియోగ హక్కు మాత్రమే తీసుకుంటారు. మీరు పత్తి వేసుకోవచ్చు, వరి నాటుకోవచ్చు. కానీ పైపు వెళ్లే పట్టీలో ఇల్లు కట్టడం, బావి తవ్వడం, చెట్టు నాటడం కుదరదు. జగిత్యాల వైపు మామిడి పెట్టాలనుకున్న రైతుకు ఇది చిన్న నష్టం కాదు. ఆ హక్కుకు నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో 10 శాతం చెల్లిస్తారు. ఉదాహరణకు పైపు పట్టీ 20 గుంటలు, ఎకరం ధర 20 లక్షల రూపాయలు అనుకుంటే, పట్టీ విలువ 10 లక్షలు, చేతికొచ్చేది లక్ష. అదే ఎకరానికి రిజిస్ట్రేషన్ విలువ 5 లక్షలే అని లెక్కగడితే 25 వేలే వస్తాయి. కనుక చుట్టుపక్కల ఇటీవల జరిగిన అమ్మకాల దస్తావేజుల నకళ్లు తీసి పెట్టుకోవాలి. నిలిచి ఉన్న పంటకు, నరికిన చెట్లకు, ఇతర నష్టానికి పరిహారం దీనికి అదనం. పంచనామాలో చెట్ల సంఖ్య, వయసు రాయించకుండా సంతకం పెట్టకూడదు. పంట కౌలుదారుడిదైతే అతని పేరూ అందులో ఉండాలి. నిర్ణయించిన మొత్తం నచ్చకపోతే జిల్లా జడ్జిని ఆశ్రయించవచ్చు.

ఇక ప్రమాదం సంగతి. కార్బన్ డయాక్సైడ్ మండదు, వాసన ఉండదు, గాలికంటే బరువు కనుక లీకైతే పల్లంలో పేరుకుంటుంది. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో సతార్షియా ఊరి దగ్గర 2020 ఫిబ్రవరి 22న వానలకు నానిన కొండవాలు జారి ఇటువంటి పైపు అతుకు దగ్గర పగిలింది. సుమారు 200 మందిని ఖాళీ చేయించారు, 45 మంది ఆస్పత్రి పాలయ్యారు, కార్ల ఇంజన్లు కూడా ఆగిపోయాయి. వాయువు అంత దూరం వ్యాపిస్తుందని కంపెనీ అంచనాల్లో లేదని తర్వాతి దర్యాప్తులో తేలింది. కాబట్టి లీకైతే వాయువు ఎంత దూరం పోతుందో చూపే పటం, రెండు వాల్వుల మధ్య దూరం, ఊరికి హెచ్చరిక ఎలా అందుతుందన్న వివరం అడగాలి. చెరువు కట్ట కింది పొలాలు, వాగు పల్లాలు ఆ పటంలో ఉన్నాయో లేదో మీరే పోల్చి చూడాలి. సర్వే బృందానికంటే ఆ నేల ఎత్తుపల్లాలు మీకే బాగా తెలుసు.

నిల్వ విషయంలో మొదటి ప్రశ్న రాయి గురించే. వరంగల్, హనుమకొండ కింద ఉన్నది గట్టి గ్రానైటు, అక్కడ వాయువు పట్టే ఖాళీ లేదు. రంధ్రాలున్న ఇసుకరాయి ప్రాణహిత–గోదావరి లోయలో, అంటే భూపాలపల్లి, మంథని, మంచిర్యాల వైపు ఉంది. అయితే అక్కడి ఇసుకరాళ్లలోనే భూగర్భజలం ఉంది, సింగరేణి బొగ్గు అన్వేషణకు వేసిన బోర్లూ ఉన్నాయి. వాయువు చిక్కగా నిలవాలంటే సాధారణంగా 800 మీటర్లకు మించిన లోతు కావాలి. వాయువును పైకి రాకుండా ఆపే మూతపొరను చీల్చుకుపోయిన ప్రతి పాత బోరూ వాయువు పైకొచ్చే దారి కాగలదు. అమెరికా పర్యావరణ సంస్థ 2010లో తెచ్చిన నిబంధనల ప్రకారం, ప్రభావ ప్రాంతంలోని అటువంటి బోర్లన్నిటినీ గుర్తించి, సరిగా మూయనివాటిని సరిచేశాకే వాయువు పంపాలి. పంపడం ఆగాక సాధారణంగా 50 ఏళ్లు పర్యవేక్షించాలి. ఈ అనుమతుల అధికారాన్ని 2018లో మొదట అందుకున్న రాష్ట్రం నార్త్ డకోటా. అక్కడ రాతి రంధ్రాల జాగా పైనున్న భూమి యజమానిదేనని చట్టం చెబుతోంది. అయినా 60 శాతం జాగా యజమానులు ఒప్పుకుంటే మిగిలినవారినీ కలిపేయవచ్చు. పంపడం ఆగిన 10 ఏళ్ల తర్వాత షరతులు తీరితే బాధ్యత కంపెనీ నుంచి రాష్ట్రానికి బదిలీ అవుతుంది. నా దృష్టిలో అన్నిటికంటే పదునైన ప్రశ్న ఇదే: ఇక్కడ ఆ బాధ్యత ఎవరిది, ఎన్నేళ్లు, అందుకు డబ్బు ఎక్కడ జమచేశారు? మనకు అటువంటి చట్టం లేనందున, నిల్వకు భూమి అడిగేవారు దీన్ని ఒప్పందంలో రాసి చూపేదాకా సంతకం ఆపడమే సబబు.

ములుగు, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ వంటి జిల్లాల్లోని షెడ్యూల్డ్ ప్రాంత గ్రామాలకు మరో అస్త్రం ఉంది. అభివృద్ధి ప్రాజెక్టులకు భూమి సేకరించే ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలని 1996 నాటి పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం చెబుతోంది. గ్రామసభ పెట్టి, పై ప్రశ్నలన్నీ తీర్మానంలో రాయించి, పంచాయతీ కార్యదర్శి సంతకం, తేదీ ఉన్న నకలును అభ్యంతర పత్రాలకు జతచేయాలి. ఆ 21 రోజుల్లోనే ఈ పనీ పూర్తికావాలి కనుక నోటిఫికేషన్ వెలువడిన వారంలోనే సభకు తేదీ ఖరారు చేసుకోవాలి.